చెయ్యి చాచిన క్రియ

ఎల్బిస్తాన్ మైదానానికి పైన, మంచు ఇంకా వదలని ఊళ్ళో
గొర్రెల కొట్టం గోడలో ఉంది రాయి,
తలకిందులుగా.
ఏ కాలంలోనో ఎవరికో మూలరాయి దొరక్క
దేవుడి మాటని దొర్లించుకొచ్చి మూలకి పెట్టారు.
గొర్రెలు వీపు రుద్దుకుని రుద్దుకుని
సగం వాక్యాన్ని నున్నగా తినేశాయి.

ముకెర్రెమ్ మెడ వంచి చదువుతోంది.
తడి కాగితం పరిచి బ్రష్షుతో దరువేస్తోంది,
గుంట గుంటలోకీ కాగితం దిగేదాకా.
కొట్టం ఆసామి ఫోను వెలుగు పట్టుకుని నిలబడ్డాడు.
"నిధి గురించి ఏమైనా రాసుందా?"
"చెయ్యి ఉంది" అంది.

మోచేతి దగ్గర మొదలైన చెయ్యి.
అరచేతిలో ఏదో, రొట్టె కావచ్చు.
పలికితే, పియ.
ఇవ్వడం.

లూవియన్లు రాసేవాళ్ళు కాదు, దున్నేవాళ్ళు.
ఒక చాలు కుడి నుంచి ఎడమకి,
గట్టు దగ్గర ఎద్దు తిరిగినట్టు తిరిగి
ఇంకో చాలు ఎడమ నుంచి కుడికి.
చాలుతో పాటు చెయ్యీ తిరుగుతుంది.
పై వరసలో అటు ఇచ్చింది
కింది వరసలో ఇటు ఇస్తుంది.

చేతికి ముందు ఉరుముల దేవుడు.
తర్హుంటపియ: తర్హుంటుడు ఇచ్చాడు.
వాక్యం కాదది, ఒక మనిషి పేరు.
మూడువేల ఏళ్ళ కింద ఏ తల్లో
నొప్పులు తగ్గాక చెప్పిన మాట.

"నీ పేరేంటన్నావు?"
"హుదావెర్ది."
బ్రష్షు ఆగింది.
హుదా అంటే దేవుడు, వెర్ది అంటే ఇచ్చాడు.

అతనికి ఆమె ఎందుకు ఆగిందో తెలీదు.
చలికి మాట్లాడుతూ పోయాడు:
"పెద్దక్క యెతెర్. చాలు అని. ఆడపిల్లలు చాలని.
తర్వాత అన్న దుర్సున్. ఉండిపోరా అని.
ఉండలేదు, మూడో చలికాలం దాటలేదు.
ఆ తర్వాత నేను.
మా అమ్మ పేర్లు పెట్టలేదమ్మా,
పైవాడితో బేరమాడింది."

ముకెర్రెమ్ చెప్పాలా వద్దా అనుకుంది, చెప్పింది.
ఈ మాట పుట్టుక గురించి తగువుంది.
కొందరంటారు: ముందున్న ముక్కకి 'అవతలికి' అని అర్థం,
వెనకున్నది ఒక పాత ధాతువు, నాలుక మీద మిగిలిన ఒక్క అచ్చు.
దాని చుట్టం ఒకటి గ్రీకులో స్థిరపడి
తీసుకుంటుంది.
ఇంకోటి ఎడారులు దాటి తొఖారుల ఇంట చేరి
ఇస్తుంది.
ఒక్క కడుపున పుట్టిన మాటలే.
"కాదనేవాళ్ళూ ఉన్నారు" అంది నిజాయితీగా.

(మనకిది వింత కాదు.
"తీసుకెళ్ళి ఇచ్చిరా" అంటుంది వంటింట్లోంచి ఒక గొంతు.
తీసుకోవడం, వెళ్ళడం, ఇవ్వడం, రావడం,
నాలుగూ ఒక్క ఊపిరిలో,
గిన్నె మీద మూత కదలకుండా.)

హుదావెర్ది అంతా విన్నాడు.
గోడని అరచేత్తో తట్టి చూశాడు.
"రాయిని మ్యూజియంకి తీసుకెళ్తారా?"
"తీసుకెళ్తారు."
"మరి గోడకి ఏమిస్తారు?"

దానికి ఏ నిఘంటువులోనూ జవాబు లేదు.

ఏప్రిల్లో లారీ వచ్చింది.
నలుగురు మనుషులు, రెండు గొలుసులు, ఒక పాత దుప్పటి.
బోర్లాపడ్డ చెయ్యి అన్నేళ్ళకి
వెల్లకిలా ఆకాశాన్ని చూసింది.
గోడకి సిమెంటు ఇటుకలిచ్చారు, పదిహేడు.
ఒకటి విరిగింది.

గుమాస్తా బానెట్ మీద కాగితం పెట్టాడు,
పెన్ను రాయకపోతే విదిలించి ఇచ్చాడు.
'ఇచ్చినవారు' అని అచ్చేసి ఉన్న చోట, చుక్కల గీత మీద,
హుదావెర్ది మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని
తన పేరు రాశాడు.

లారీ మలుపు తిరిగింది, గట్టు దగ్గర ఎద్దులా.
సాయంత్రం గొర్రెలొచ్చాయి.
ముసలి పొట్టేలు అలవాటు చోట వీపు ఆనించి
సిమెంటు గరుకుకి ఉలిక్కిపడి
మళ్ళీ ఆనించింది.